తిరుపతిలో ఇంటి వెనుక ఆరు కోడిపెట్టలు: వేసవి, పాములు, పక్కింటివారు

ప్రశ్న: అవిలాల నివాసి

అందరికీ నమస్కారం. మేము తిరుపతి ఊరి అంచున, అవిలాల వైపు, ఒక లేఅవుట్‌లో సొంత ఇంట్లో ఉంటున్నాము. ఇంటి వెనుక సెంటుకు కొంచెం తక్కువగా పెరడు ఉంది. అందులో ఒక మునగచెట్టు, ఒక కరివేపాకు చెట్టు, రెండు అరటిచెట్లు పోగా మిగిలిన చోటు ఖాళీగానే ఉంది. అక్కడ ఆరు కోడిపెట్టలను గుడ్ల కోసం మాత్రమే పెంచుకోవాలని అనుకుంటున్నాము. మా అత్తగారిది పుత్తూరు దగ్గరి పల్లె; ఆమెకు కోళ్ళ పెంపకం చిన్నప్పటి నుండి తెలుసు. అయితే అక్కడ పొద్దున్నే గంప ఎత్తితే కోళ్ళు వీధంతా మేసి, పొద్దు వాలేసరికి తమంతట తామే తిరిగివచ్చేవనీ, మూడు వైపుల ప్రహరీ గోడలు, నాలుగో వైపు మూడంతస్తుల అపార్టుమెంటు ఉన్న చోట ఆ పద్ధతి సాగదనీ ఆమే అంటున్నారు.

నా మొదటి భయం వేసవి గురించి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం వేళ మా పెరటి గచ్చు మీద మనుషులే కాలు మోపలేరు. రెండవది, మా ప్రహరీ అవతల ఒక ప్లాటును ఇల్లు కట్టకుండా వదిలేసినందువల్ల అది కంపచెట్లతో నిండిపోయింది. అందులో ముంగిసలు తిరుగుతూనే ఉంటాయి, జెర్రిపోతులు కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి. మూడవది, మా కుడివైపు ఇంటివారు గుడ్డు కూడా ముట్టనివారు, మాతో ఎంతో స్నేహంగా ఉండేవారు; వాసన వల్లనో అరుపుల వల్లనో ఆ స్నేహం చెడిపోవడం మాకు ఇష్టం లేదు. ఇవి కాక, ఏ జాతి తేవాలన్నది ఇంట్లో తేలడం లేదు. మావారు గ్రామప్రియ అంటున్నారు, అత్తగారి దృష్టిలో నాటుకోళ్ళు తప్ప మరేవీ కోళ్ళే కావు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, చంద్రగిరి

అమ్మా, ఆరు అన్న సంఖ్యను దయచేసి పెంచకండి. పెరట్లో కోళ్ళు మొదలుపెట్టేవారిలో ఎక్కువమంది ఉత్సాహం కొద్దీ పాతిక పిల్లలను ఒకేసారి తెచ్చి, ఐప్పసి వానలు (అక్టోబరు, నవంబరు వానలు) పడేసరికి వాసన భరించలేక వచ్చిన ధరకు అమ్మేస్తారు. రాత్రి పడుకునే గూటిలో పెట్టకు 2 చదరపుటడుగులు, పగలు తిరగడానికి జాలీ వేసిన ఆవరణలో 8 నుండి 10 చదరపుటడుగులు ఉంటే చాలు కాబట్టి, మీ పెరట్లో 70, 80 చదరపుటడుగులు కేటాయిస్తే ఆరింటికి సరిపోతుంది. పుంజు మాత్రం వద్దు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి; ఆ గుడ్ల నుండి పిల్లలు రావు, అంతే తేడా. తెల్లవారుజామున మూడు గంటలకు కూసే పుంజు లేకపోతే మీ పక్కింటి సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది.

జాతి విషయంలో మీవారి మాటే సరైనదని నా అభిప్రాయం. గ్రామప్రియను, వనరాజాను హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించింది. వనరాజా బరువైన కోడి, మాంసానికీ గుడ్లకూ కలిపి పనికివస్తుంది. గ్రామప్రియ తేలికైనది, ప్రధానంగా గుడ్లకే. పెరటి పోషణలో గ్రామప్రియ ఏడాదికి 160 నుండి 180 గుడ్లు పెడుతుంది, నాటుపెట్ట 50, 60 దగ్గరే ఆగుతుంది. ఆరు గ్రామప్రియలుంటే సగటున రోజుకు మూడు గుడ్లు వస్తాయని లెక్క వేసుకోండి; అంతకంటే ఎక్కువ వస్తాయని ఎవరైనా చెబితే వారు అమ్మకందారులై ఉంటారు.

ఇప్పుడు వేసవి సంగతి. కోడికి చెమట గ్రంథులు లేవు. ఒంట్లోని వేడిని అది ముఖ్యంగా నోరు తెరిచి రొప్పడం ద్వారానే బయటికి పంపుకోవాలి. గంటల తరబడి అలా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడు తగ్గిపోయి, గుడ్డుపెంకుకు కావలసిన కార్బొనేటు చాలదు. అందువల్లనే మే నెలలో పెంకు పలుచబడిన గుడ్లు, ఒక్కొక్కసారి తోలుగుడ్లు వస్తాయి. చాలామంది దీన్ని సున్నం లోపమని మాత్రమే అనుకొని మేతలో గవ్వపొడి పెంచుతారు. గవ్వపొడి ఎప్పుడూ ఉండవలసిందే, కానీ నీడ, గాలి లేనిచోట అది ఎంత వేసినా పెద్దగా ఫలితం ఉండదు. గుడ్లు తగ్గడానికి పగటివెలుగు కారణమా అని కూడా కొందరు అడుగుతుంటారు. మన తిరుపతిలో డిసెంబరు పగలు పదకొండున్నర గంటలకు కాస్త తక్కువ, జూన్ పగలు దాదాపు పదమూడు గంటలు. వెలుగు ఎక్కువగా ఉండే కాలంలోనే ఇక్కడ గుడ్లు తగ్గుతున్నాయంటే ఆ నేరం ఎండదే.

కాబట్టి షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండేటట్లు కట్టించండి, అప్పుడు ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ లోపలికి దూరవు. సిమెంటు రేకు వేస్తే దాని మీద కొబ్బరి మట్టలో చెరకు ఆకో మందంగా పరిచి కట్టండి, లేదా మార్చిలోనే చిక్కటి సున్నం కొట్టించండి. మునగచెట్టు నీడను నమ్ముకోకండి, దాని ఆకు పలుచన. మేత అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది, అది తిన్న కొన్ని గంటలకు ఎక్కువవుతుంది. అందుచేత ఎండాకాలంలో మేతను తెల్లవారకముందే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి పెట్టి, మధ్యాహ్నం తొట్టి తీసివేయడం మంచిది. మామూలు రోజుల్లో పెట్టకు పావు లీటరు నీరు చాలు, వేసవిలో అది రెట్టింపవుతుంది. నీటిని మట్టి పాత్రల్లో నీడన పెట్టి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. ఎండలో కాగిన నీటిని కోడి తాగదు.

టీకాల గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా వదలలేను. పెరటి కోళ్ళను వీధులకు వీధులుగా తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. దానికి చికిత్స లేదు, టీకా ఒక్కటే రక్ష. మొదటి వారంలో కంటిలోనో ముక్కులోనో లసోటా అనే కొక్కెర తెగులు టీకా చుక్క, రెండో వారంలో గంబోరో వ్యాధి టీకా, నాలుగో వారంలో మళ్ళీ లసోటా, ఆరో వారంలో కోడి మశూచి టీకా, ఎనిమిది తొమ్మిది వారాల మధ్య కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ అనే ఇంజెక్షను వేయాలి. చిక్కేమిటంటే, టీకా సీసాలు కనీసం వంద డోసులవి వస్తాయి, ఒకసారి కలిపితే రెండు గంటల్లోపే వాడేయాలి. ఆరు పిల్లల కోసం అన్ని సీసాలు కొనడం దండుగ కాబట్టి, ఒక్కరోజు వయసు పిల్లలను కాక ఈ టీకాలన్నీ పూర్తయిన తొమ్మిది పది వారాల పెట్టలనే కొనండి. అలా చేస్తే బల్బు కింద పిల్లలను వెచ్చగా కాచే పని కూడా తప్పుతుంది.

జవాబు: గ్రీమ్స్‌పేట పెరటితోట, చిత్తూరు

డాక్టరుగారు వేసవి గురించి చెప్పినదానికి నేను చేర్చవలసింది ఏమీ లేదు. నేను పాముల గురించి, నేల గురించి రాస్తాను, ఎందుకంటే పెరటి కోళ్ళు చాలావరకు రాత్రిపూటే పోతాయి.

అక్కా, పాము మీ కోడి కోసం రావడం అరుదు, అది ఎలుక కోసం వస్తుంది. ఎలుక కింద పడిన మేత కోసం వస్తుంది. కనుక పాములను తరిమే మందుల కోసం వెతకడం కంటే, మేతను మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో ఉంచడం, తొట్టిని కోడి వీపు ఎత్తులో వేలాడదీసి చిమ్మకుండా చూడడం, చీకటి పడేలోపు మిగిలింది ఎత్తివేయడం ఎక్కువ పనిచేస్తాయి. గుడ్లను కూడా ఏ పూటకు ఆ పూట తీసుకోవాలి. జెర్రిపోతుకు గుడ్లన్నా, చిన్న పిల్లలన్నా ఇష్టమే. అది విషం లేని పాము, ఎలుకలను తినేది కూడా అదే కాబట్టి కనిపించిన వెంటనే కర్ర అందుకోవద్దు. నాగుపాము అయితే దూరంగా ఉండి పాములు పట్టేవారిని పిలవండి.

ముంగిస, పునుగుపిల్లి, పందికొక్కు వేరే రకం. ఇవి తవ్వుతాయి, సందు దొరికితే దూరుతాయి. బజారులో కోడి జాలీ అని అమ్మే ఆరు మూలల కళ్ళ జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ వీటిని బయట ఉంచలేదు. గూటికి అర అంగుళం కళ్ళున్న వెల్డింగ్ జాలీ వేయించి, దాన్ని నేలలోకి ఒక అడుగు దింపి పాతించాలి, లేదా గూటి అడుగున కడప బండలు పరిపించాలి. మేము బండలే వేయించాము, కడగడానికి కూడా సులభం. తలుపుకు రెండు గొళ్ళాలు ఉండాలి, ఒకటి పైన, ఒకటి కింద. లేకపోతే వీధికుక్క కింది మూలను పట్టి లాగి వంచేస్తుంది. పునుగుపిల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువని, దానికి ఉచ్చులు పెట్టడం నేరమని కూడా గుర్తుంచుకోవాలి. మీరు శేషాచలం కొండకు కొంచెం ఎడంగానే ఉన్నారు కాబట్టి చిరుతపులి భయం అంతగా ఉండదు. యూనివర్సిటీల వెనుక, అలిపిరి వైపు ఇళ్ళున్నవారు మాత్రం కోళ్ళను ఇంటికి ఆనుకొని ఉన్న గట్టి గదిలో పెట్టుకోవడమే క్షేమం.

వాసన విషయం. కోడిరెట్టకు వాసన తడి తగిలితేనే వస్తుంది. బండల మీద నాలుగు అంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరిచి, వారానికి రెండుసార్లు పారతో తిరగవేస్తూ, నీళ్ళు ఒలికిన చోట పొట్టును అప్పటికప్పుడే మారుస్తూ ఉంటే ముక్కు మూసుకోవలసిన అవసరం రాదు. మన ప్రాంతంలో ఈ పొట్టుకు కొరత లేదు, కాయలు ఒలిచే మిల్లుల దగ్గర బస్తాలకొద్దీ దొరుకుతుంది. బూజు వాసన వచ్చే బస్తాను మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు, ఆ బూజు కోళ్ళ ఊపిరితిత్తులకు పడుతుంది. అసలు పరీక్ష అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే వానలప్పుడు వస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీరు ఎలా పారిందో మీరు చూసే ఉంటారు. గూటి నేల పెరటి మట్టం కంటే కనీసం అడుగున్నర ఎత్తులో ఉండాలి, చూరు రెండడుగులు బయటికి రావాలి. పొట్టు తడిసి ముద్దయితే వాసనతో పోదు, ఎదిగే పిల్లలకు రక్తవిరేచనాలు పట్టుకుంటాయి. దోమలు పెరిగితే కోడి మశూచి వ్యాపిస్తుంది కనుక ఆ టీకా వానలకు ముందే పడి ఉండాలి.

ఒక్క విషయంలో డాక్టరుగారితో విభేదిస్తాను. నాటుపెట్ట గుడ్లు తక్కువ పెడుతుందన్నది నిజమే, కానీ అందుకు సగం కారణం అది పొదుగుకు కూర్చోవడమే. గుడ్లను రోజూ తీసేస్తూ, పొదుగు పట్టిన పెట్టను నాలుగు రోజులు గాలి తగిలే జాలీ అడుగున్న బుట్టలో ఉంచితే అది త్వరగా మళ్ళీ గుడ్లకు వస్తుంది. ఆరింటిలో రెండు నాటువి ఉంటే అత్తగారి మాట నిలిచినట్లూ ఉంటుంది, గద్ద నీడ పడగానే మిగిలినవాటికి హెచ్చరిక చేసేవి కూడా అవే. అయితే వాటికి ఆవరణ పైన కూడా జాలీ వేయాలి, ఆరడుగుల ప్రహరీ వాటికి అడ్డు కాదు.

జవాబు: పద్మావతీపురం పాఠకుడు

నేను కోళ్ళను పెంచను, గుడ్డు తినను. మా పక్కింట్లో కోళ్ళున్నాయి కాబట్టి అవతలి గోడ వైపు నుండి నాలుగు మాటలు రాస్తున్నాను. శాకాహారులకు కోడి అంటేనే అభ్యంతరమని చాలామంది అనుకుంటారు. మాకు కోడితో ఏ పేచీ లేదు. మా వంటింటి కిటికీకి ఆరడుగుల దూరంలో గూడు కట్టడంతోనే పేచీ. ఈగలు, ఈకలు, గీరిన ధూళి మొత్తం వంటింట్లోకే వచ్చాయి. మాట్లాడిన తరువాత వారు గూటిని పెరటి ఇంకో మూలకు మార్చారు, ఇప్పుడు అక్కడ కోళ్ళున్నట్లే తెలియదు.

మీరు గూడు కట్టకముందే వారితో మాట్లాడండి, వారి వంటగది, పూజగది ఏ వైపున్నాయో చూసి చోటు నిర్ణయించండి. ఇక్కడ జూన్ నుండి గాలి ఎక్కువగా పడమటి వైపు నుండి, అక్టోబరు తరువాత ఈశాన్యం నుండి వీస్తుంది కనుక ఒక్క ఏప్రిల్ నెలలో నిలబడి చూసి తేల్చుకుంటే సరిపోదు. అపార్టుమెంటు పై అంతస్తుల వారికి మీ ఆవరణ పూర్తిగా కనిపిస్తుందని కూడా మరచిపోకండి. నగరపాలక సంస్థ పరిధిలో ఉంటే వార్డు సచివాలయంలో పారిశుద్ధ్య కార్యదర్శిని, పంచాయతీ పరిధిలో ఉంటే గ్రామ సచివాలయాన్ని, అనుమతి అవసరమా అని ముందే అడగడం మేలు. ఎవరో ఫిర్యాదు చేశాక వెళ్ళడం కంటే అది గౌరవంగా ఉంటుంది.

ప్రశ్నించినవారి స్పందన: అవిలాల నివాసి

అందరికీ కృతజ్ఞతలు. పక్కింటి అమ్మగారితో ఈ ఉదయమే మాట్లాడాను. గూడు అరటిచెట్ల వైపు ఉంటే తమకు అభ్యంతరం లేదన్నారు, పుంజు ఉండదని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. నాటుపెట్టలు రెండు అన్న మాటకు అత్తగారు సంతోషించారు.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఇంట్లో మిగిలిన అన్నం, సంగటి, కూరగాయల తొక్కలు, మిల్లులో దొరికే వేరుశనగ చెక్క కలిపి పెడితే బజారు మేత కొనకుండా గడిచిపోతుందా? రెండవ ప్రశ్న అడగడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. మా ఇంట్లో గుడ్లు తింటాము గానీ మాంసం వండము. గుడ్లు మానేసిన పెట్టలను ఏం చేయాలి?

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, చంద్రగిరి

ముందుగా, రెండు నాటుపెట్టలు తెస్తే వాటిని సంతలో కొనకండి, తెలిసిన ఇంటి నుండి తీసుకొని, టీకాలు వేయించి, రెండు మూడు వారాలు విడిగా ఉంచాకనే మిగిలినవాటితో కలపండి. ఈ షరతు మీద చిత్తూరు అమ్మగారి సలహాకు నా అభ్యంతరం లేదు.

మేత విషయంలో, గుడ్లు పెట్టే పెట్టకు రోజుకు 110 గ్రాముల చొప్పున లేయరు మేత కావాలి. ఆరింటికి నెలకు సుమారు 20 కిలోలు. అందులో మాంసకృత్తులు 16 శాతానికి పైగా, కాల్షియం మూడున్నర శాతం వరకు ఉంటాయి. అన్నం, సంగటి పెట్టి అదే గుడ్డును ఆశించడం న్యాయం కాదు. ఇంట్లో మిగిలిన పదార్థాలను మొత్తం మేతలో పదో వంతుకు మించనివ్వకండి. రాగులు, సజ్జలు సాయంత్రం ఒక గుప్పెడు చల్లండి, మునగాకు, తోటకూర ధారాళంగా వేయండి. ఊరగాయలు, ఉప్పు ఎక్కువైన కూరలు, పులిసి బూజు పట్టినవి వద్దు. వేరుశనగ చెక్కను నేను గట్టిగా వద్దంటాను. తడి తగిలిన వేరుశనగలో పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కంటికి కనిపించదు, వండినా పూర్తిగా పోదు, కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పరీక్ష చేయించి వాడే వీలు మేత కంపెనీలకు ఉంటుంది, మనకు ఉండదు.

మీ రెండో ప్రశ్నను ఎక్కువమంది గుడ్లు ఆగిపోయాకనే అడుగుతారు. మొదటి ఏడాది బాగా పెట్టిన పెట్ట రెండో ఏడాది ఈకలు రాల్చాక కొంత తగ్గి పెడుతుంది, మూడో ఏడాది ఇంకా తగ్గుతుంది. కానీ అది ఆరేడేళ్ళు బతకగలదు. అంటే గుడ్లు ఇవ్వని కాలం ఇచ్చే కాలం కంటే ఎక్కువ. దానికి మేత పెట్టి చివరిదాకా ఉంచుకుంటారా, రెండేళ్ళు నిండగానే అమ్ముతారా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చొని ఇప్పుడే తేల్చుకోండి. పిల్లలు వాటికి పేర్లు పెట్టాక ఆ చర్చ చాలా కష్టం. అమ్మేటట్లయితే కొనేవారు కోయడానికే కొంటారని తెలిసి అమ్మండి. పెంచుకుంటారన్న మాట నమ్మి అమ్మడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

ఒక జాగ్రత్త కూడా. 2024 ఫిబ్రవరిలో మన పక్కనున్న నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటి వార్త వచ్చినప్పుడు ఆవరణ పైకప్పు మీద కొంగలు, కాకులు వాలి రెట్ట వేయకుండా చూసుకోండి, నీటి పాత్రలను పైకప్పు కిందికి జరపండి. ఏ కారణం లేకుండా ఒకటి రెండు రోజుల్లో రెండు మూడు కోళ్ళు చనిపోతే వాటిని వండుకోవడం, కాలువలో పారేయడం చేయకుండా, చేతులతో ముట్టుకోకుండా పశువైద్యశాలకు తెలియజేయాలి.

జవాబు: గ్రీమ్స్‌పేట పెరటితోట, చిత్తూరు

డాక్టరుగారి షరతుకు నేనూ ఒప్పుకుంటాను.

ఎప్పుడు తేవాలన్నది ఎవరూ రాయలేదు. తొమ్మిది పది వారాల పెట్టలను జూలై చివర తెస్తే, వానలు ముదిరేసరికి అవి గట్టిపడి, నవంబరు ప్రాంతంలో గుడ్లకు వస్తాయి, మొదటి ఎండాకాలాన్ని పూర్తిగా ఎదిగిన కోళ్ళుగా చూస్తాయి. మార్చిలో తెస్తే లేత పెట్టలు నేరుగా ఎండలో పడతాయి. గ్రామప్రియ పెట్టల కోసం మీ ఊళ్ళోనే ఉన్న పశువైద్య కళాశాలలో కోళ్ళ విభాగాన్ని, కరకంబాడి వైపున్న కృషి విజ్ఞాన కేంద్రాన్ని ముందుగా అడగండి. అక్కడ ఆ సమయానికి లేకపోయినా నమ్మకంగా ఎవరి దగ్గర దొరుకుతాయో చెబుతారు. సైకిలు మీద రంగు పూసిన పిల్లలను అమ్మేవారి దగ్గర మాత్రం కొనవద్దు, అవి చాలావరకు లేయరు హేచరీలు తీసిపారేసే మగపిల్లలు.

రెట్టతో కలిసిన పొట్టును నేరుగా కరివేపాకు మొదట్లో వేయకండి, పచ్చి ఎరువు వేళ్ళను మాడుస్తుంది. ఒక మూల కుప్పగా వేసి, ఎండుటాకులు కలిపి, అప్పుడప్పుడు నీళ్ళు చల్లి తిరగవేస్తూ రెండు మూడు నెలలు మాగనిచ్చి వాడండి. అరటికి అది బాగా పడుతుంది.